పిల్లలు తోడు లేకుండా గడప దాటగలిగే నగరం కావాలి: నగర పాలకులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్లకు, కమిషనర్లకు, పట్టణ ప్రణాళికాధికారులకు, రహదారుల ఇంజనీర్లకు నమస్కారం.

మీరు తయారుచేసే మాస్టర్ ప్లాన్లలో పిల్లల ఆటకు ఒక చోటు ఉంటుంది. సాధారణంగా అది ఆకుపచ్చ రంగు పూసిన ఒక ముక్క. దాని విస్తీర్ణం ఎంతో, తలకు ఎన్ని చదరపు మీటర్ల పచ్చదనం వస్తుందో పక్కనే అంకెల్లో రాసి ఉంటుంది. ఆ అంకె నిబంధనకు సరిపోతే పిల్లల సంగతి చూసేసినట్టే. కానీ ఆ ముక్కకూ పిల్లలు ఉండే ఇళ్లకూ మధ్య ఏముందో, దాన్ని దాటుకుని వాళ్లు అక్కడికి ఎలా చేరతారో ఆ పటం చెప్పదు. నేను ఈ లేఖ రాస్తున్నది ఆ మధ్యనున్న నేల గురించి. ఒక వీధి గాని, కాలనీ గాని, మొత్తం నగరం గాని పిల్లలకు అనువుగా ఉందా లేదా అని తేల్చేటప్పుడు, ఎనిమిదేళ్ల పిల్ల పెద్దవాళ్ల తోడు లేకుండా ఇంట్లోంచి బయటికి వెళ్లి, తోటి పిల్లలతో ఆడుకుని, మళ్లీ క్షేమంగా ఇల్లు చేరగలదా అన్న ప్రశ్నను మొదటి కొలమానంగా పెట్టుకోమని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఈ కొలమానం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1971 నాటి, 1990 నాటి పరిస్థితులను పోల్చి చూశారు. 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అలా వెళ్లేవారు 9 శాతమే మిగిలారు. పందొమ్మిదేళ్లలో ఒక తరం పిల్లలు తమ వీధిని పోగొట్టుకున్నారు. అదే కాలంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే పిల్లల సంఖ్య తగ్గింది కాబట్టి రోడ్లు సురక్షితమయ్యాయని ప్రభుత్వం చెప్పుకుంది. ఆ తగ్గుదలకు అసలు కారణం రోడ్లు బాగుపడటం కాదనీ, తల్లిదండ్రులు భయపడి పిల్లలను రోడ్ల మీదికి రానివ్వకపోవడమేననీ హిల్‌మన్ వాదించారు. ఈ మాటను ప్రతి ట్రాఫిక్ విభాగం తన గోడ మీద రాసి పెట్టుకోవాలని నాకనిపిస్తుంది. ఒక కూడలిలో ఏడాది పొడవునా పిల్లలెవరికీ ప్రమాదం జరగలేదని మీ రికార్డు చెప్పినప్పుడు, ఆ ఏడాదిలో అసలు ఎంతమంది పిల్లలు ఆ కూడలిని సొంతంగా దాటారని ఎవరైనా అడిగారా? ఎవరూ దాటని చోట ఎవరికీ దెబ్బలు తగలవు. మీ లెక్కల ప్రకారం అది సురక్షితమైన కూడలి. పిల్లల లెక్కలో అది మూసేసిన తలుపు.

ఆట అనేది పెద్దల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే సరదా కాదని మీకు తెలుసు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ పిల్లల హక్కుగా గుర్తించింది. ఆ అధికరణాన్ని ఎలా అర్థం చేసుకోవాలో వివరిస్తూ 2013లో బాలల హక్కుల కమిటీ ఇచ్చిన 17వ సాధారణ వ్యాఖ్య, ఆట అంటే పిల్లలు తామే మొదలుపెట్టి, తామే నడుపుకునేదనీ, ఎవరి బలవంతమూ లేకుండా దాని కోసమే అది జరిగేదనీ చెప్పింది. 1996లో యునిసెఫ్ బాలమిత్ర నగరాల కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇన్నేళ్లుగా కాగితాలకు కొరత లేదు. ఆ నిర్వచనంలో పిల్లలు తామే మొదలుపెట్టాలన్న మాట దగ్గర కాసేపు ఆగమని మాత్రం మిమ్మల్ని కోరుతున్నాను. తల్లికో తండ్రికో తీరిక దొరికి, బండి తీసి, పార్కుకు తీసుకెళ్లి, గంటసేపు బెంచీ మీద కూర్చుని, టైమైంది పదమంటే ముగిసిపోయే ఆటను పిల్లలు మొదలుపెట్టలేదు. పెద్దలు ఏర్పాటు చేశారు. అది మంచిదే, కానీ చాలదు. ఏ పూటకు ఆ పూట గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, బయట ఎవరు కనిపిస్తే వాళ్లతో కలిసిపోయే వీలుంటేనే ఆట రోజువారీ జీవితంలో భాగమవుతుంది. ఆ వీలు కల్పించేది గుమ్మం ముందున్న వీధి.

అందుకే వేగంతోనే మొదలుపెడతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వాహనం ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా పిల్లవాడు కనిపించాక డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరడానికి పట్టే సమయం ఇంచుమించు ఆ ఒక్క సెకను. 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది; అదే దూరంలో 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఇంకా బ్రేకు పట్టడమే మొదలుపెట్టి ఉండదు. అంటే ఒకే వీధిలో, ఒకే బంతి వెనకాల పరుగెత్తుకొచ్చిన ఒకే పిల్లవాడిని మొదటి కారు తాకకుండా ఆగుతుంది, రెండోది దాదాపు పూర్తి వేగంతో గుద్దుతుంది. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు రోడ్డు నియమాలు నేర్పించాలనే మాట నేను కాదనను. కానీ దూరం నుంచి వస్తున్న వాహనం వేగాన్ని సరిగ్గా అంచనా వేసే శక్తి చిన్న పిల్లల కళ్లకూ మెదడుకూ ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. ఎంత నేర్పినా ఆ వయసులో రాని శక్తి మీద ఆధారపడి వీధిని కట్టకూడదు. మారవలసింది వాహనమూ వీధీ.

ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని మీ వీధిని చూడండి. బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ మొదలుపెట్టిన అర్బన్95 కార్యక్రమం పేరులోని అంకె, ఆరోగ్యంగా ఎదిగే మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు: 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే రోడ్డు వారగా ఆగి ఉన్న కార్లు ఒక గోడలా నిలబడతాయి. రెండు కార్ల మధ్య సందులోంచి రోడ్డు ఒక సన్నని చీలికలా కనిపిస్తుంది. అవతలి నుంచి ఏం వస్తోందో చూడాలంటే పిల్ల ఆ సందు దాటి రోడ్డు మీదికి అడుగు పెట్టక తప్పదు. పెద్ద కారు నడుపుతున్న మనిషికి బానెట్ ముందున్న ఆ పిల్ల కనబడకపోవచ్చు. ఇళ్లున్న వీధుల్లో, ముఖ్యంగా మలుపుల దగ్గర, పిల్లలు దాటే చోట్ల పార్కింగ్ తీసేయడం అంత ఖర్చుతో కూడిన పని కాదు. దానికి కావలసిందల్లా ఆగి ఉన్న కారుకంటే నడిచే పిల్లకు ఎక్కువ హక్కు ఉందని ఒప్పుకునే మనసు.

ఇది ఊహలోకమని మీలో కొందరు అనుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలున్నారు. అప్పట్లో ఆ దేశం కూడా కార్ల కోసం వీధులను వెడల్పు చేసుకుంటూ పోతోంది. పిల్లల హత్యలు ఆపండంటూ తల్లిదండ్రులు, పౌరులు వీధుల్లోకి వచ్చారు. డెల్ఫ్ట్ నగరంలో అంతకు కొన్నేళ్ల ముందు నుంచే కొన్ని వీధుల రూపం మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి: కాలిబాటకూ రోడ్డుకూ మధ్య అంచు తీసేసి నేలంతా ఒకే మట్టానికి తెచ్చారు, దారిని కావాలనే వంకరలు తిప్పారు, మధ్యలో చెట్లు, బెంచీలు పెట్టారు. వూనెర్ఫ్ అని పిలిచే ఆ వీధులకు 1976లో చట్టం గుర్తింపు ఇచ్చింది. అక్కడ వాహనాలు మనిషి నడిచే వేగానికి తగ్గాలి, పిల్లలు వీధి మొత్తంలో ఆడుకోవచ్చు. స్పెయిన్‌లోని పొంతెవేద్రా నగరం 1999 నుంచి తన నడిబొడ్డులో వాహనాల రాకపోకలను బాగా తగ్గించి ఆ జాగాను నడిచేవారికి ఇచ్చింది. ఇళ్ల వీధుల్లో వేగపరిమితిని తగ్గిస్తూ, రోడ్ల ఆకృతిని మారుస్తూ వచ్చిన ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2019లో ఒక్క పాదచారి కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. అదే ఏడాది నార్వే రాజధాని ఆస్లోలో పాదచారులు గాని, సైకిలు మీద వెళ్లేవారు గాని ఎవరూ చనిపోలేదు. ఈ నగరాలు పుట్టుకతో ఇలా లేవు. వాటి పాలకులు ఒక నిర్ణయం తీసుకుని, ఎన్నో ఏళ్లు దానికి కట్టుబడ్డారు.

ఇక్కడ ఇంజనీర్లకు ఒక మాట. 30 అని రాసిన బోర్డు ఒక్కటే పాతితే పని జరగదని మీకు నాకంటే బాగా తెలుసు. నిటారుగా, వెడల్పుగా ఉన్న రోడ్డు డ్రైవరును తొందరపెడుతుంది, బోర్డు మీది అంకె ఏదైనా సరే. దారి సన్నబడితే, వంక తిరిగితే, చెట్ల కొమ్మలు రెండు వైపులా దగ్గరికొస్తే, పిల్లలు దాటే చోటు కాలిబాట ఎత్తుకు లేచి ఉంటే కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్తుంది. ఇళ్ల మధ్యనుంచి అడ్డదారిగా పోయే వాహనాలను ప్రధాన రహదారికే మళ్లించేలా వీధి చివర కొన్ని బొల్లార్డులు, అంటే వాహనాలను ఆపే పొట్టి స్తంభాలు, నాటడం కూడా ఎంతో మేలు చేస్తుంది.

వాహనాలు తగ్గిన వీధిలో ఇంకొక మార్పు కూడా వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1960ల చివర్లో మూడు వీధులను పరిశీలించారు: రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగేది ఒకటి, 8,000 తిరిగేది ఒకటి, 16,000 తిరిగేది ఒకటి. వాహనాలు తక్కువగా తిరిగే వీధిలో ఉండేవారికి, రద్దీ వీధివారితో పోలిస్తే తమ వీధిలోనే మూడు రెట్లు ఎక్కువ మంది స్నేహితులు, రెట్టింపు మంది పరిచయస్తులు ఉన్నారని తేలింది. పిల్లల విషయానికి వస్తే ఇది చాలా పెద్ద మాట. పిల్లలను బయటికి పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడే కారణాల్లో వాహనాల తర్వాత చెప్పేది అపరిచితుల భయం. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను, అది నాకూ ఉంది. కెమెరాలు, గేట్లు, కాపలాదారులు ఆ భయాన్ని కొంత తగ్గిస్తాయేమో గాని, పిల్లను పేరుపెట్టి పిలవగల నలుగురు మనుషులు వీధిలో ఉండటం వేరు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, కిటికీలోంచి చూసే ఎదురింటావిడ, పక్కింటి పెద్ద పిల్లలు: పిల్లలకు వీళ్లే కాపలా. వీధిలో హోరు, పొగ, వేగం పెరిగితే ముందుగా కిటికీలు మూసుకుంటాయి, అరుగులు ఖాళీ అవుతాయి, పిల్లను గమనించే చూపులు మాయమవుతాయి. అప్పుడు ఆ వీధి నిజంగానే భయపడవలసిన చోటుగా మారుతుంది.

శాశ్వత మార్పులకు డబ్బూ సమయమూ కావాలంటే, తాత్కాలికంగా చేయగలిగేవి ఉన్నాయి. వారంలో ఒక సాయంత్రం రెండు గంటల పాటు ఒక వీధిని వాహనాలకు మూసి పిల్లలకు వదలడం చాలా పాత పద్ధతే. న్యూయార్క్ 1914లోనే దాన్ని మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2009లో ఇరుగుపొరుగు తల్లులు ఇద్దరు తమ వీధిలో మళ్లీ ఆ ప్రయత్నం చేస్తే, అది చూసి ఎన్నో ఊళ్లు ఆ దారి పట్టాయి. కొలంబియా రాజధాని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు దినాల్లో వంద కిలోమీటర్లకు పైగా రోడ్లను సైకిళ్లకూ కాలినడకకూ విడిచిపెడుతున్నారు. ఇలాంటి వాటికి అనుమతి కోసం తిరగవలసి వచ్చే కార్యాలయాలను దయచేసి తగ్గించండి. ఒక వీధివారంతా కలిసి సంతకాలు పెట్టి ఇస్తే ఒకే దరఖాస్తుతో, ఉచితంగా, ఏడాది పొడవునా చెల్లే అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టండి. అడ్డంగా పెట్టడానికి నాలుగు బారికేడ్లు అరువివ్వండి. రోడ్డు మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకున్న పిల్లలు, ఆ వీధి తమదేనన్న నమ్మకంతో పెరుగుతారు. ఆ రెండు గంటలు చూసిన పెద్దవాళ్లు కూడా ఆ వీధి మిగతా రోజుల్లో అలా ఎందుకు ఉండకూడదని అడగడం మొదలుపెడతారు. శాశ్వతమైన మార్పుకు అంతకంటే మంచి పునాది ఉండదు.

ఇప్పుడు ఆటస్థలాల సంగతి. నగరానికి ఒక మూల అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద పార్కు కట్టడం కంటే, ప్రతి నాలుగు వీధులకూ ఒక చిన్న ఆటస్థలం ఉండటం పిల్లలకు వెయ్యిరెట్లు మేలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి 1947లో ఒక చిన్న కూడలిలో మొదటి ఆటస్థలం రూపొందించారు. 1978 వరకు ఆయన అలాంటివి ఏడు వందలకు పైగా రూపొందించారు. కూలిపోయిన ఇళ్ల ఖాళీ జాగాలు, వీధి మలుపుల్లో మిగిలిపోయిన ముక్కలు, ఎవరికీ పనికిరాదనుకున్న నేలే వాటికి స్థలమైంది. ఒక ఇసుక గుంట, ఎక్కి దిగడానికి ఇనుప గొట్టాల చట్రం, ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతడానికి కొన్ని రాతి దిమ్మెలు, కూర్చోవడానికి బెంచీలు, అంతే. ఇది ఏనుగు, ఇది కోట అని ముందే చెప్పే బొమ్మలేవీ లేవు. రాతి దిమ్మె ఒక పిల్లకు ఓడ అయితే మరొకరికి బల్ల అవుతుంది. చాలా వాటికి చుట్టూ కంచె కూడా ఉండేది కాదు. వీధిలో అవి కలిసిపోయాయి. మీ దగ్గర ఉన్న భూముల జాబితా తీసి చూడండి. లేఅవుట్లలో ఏ పనికీ రాక మిగిలిన త్రికోణాలు, మూతపడ్డ కార్యాలయాల ఆవరణలు, కాలువల గట్లు, ఎవరూ దిగని సర్వీసు రోడ్ల చివర్లు ఎన్ని ఉన్నాయో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇల్లు కట్టే చోట లారీ ఇసుక దించి వెళ్లిన సాయంత్రం ఏం జరుగుతుందో చూడని వారుండరు. కాసేపట్లోనే ఆ కుప్ప మీద పిల్లలు ప్రత్యక్షమవుతారు. ఒకరు మోచేతి వరకు చెయ్యి దూర్చి సొరంగం తవ్వుతుంటారు, అవతలి వైపు నుంచి ఇంకొకరు తవ్వుకుంటూ వస్తారు, లోపల వేళ్లకు వేళ్లు తగలగానే ఇద్దరూ కేక పెడతారు. వెంటనే ఒక చిన్నది పైకెక్కి గెంతుతుంది, సొరంగం కూలిపోతుంది, పోట్లాట మొదలవుతుంది, మళ్లీ రాజీ కుదిరి ఈసారి కాపలాకు ఒకరిని పెట్టి తవ్వడం మొదలుపెడతారు. పక్కనే రంగురంగుల ప్లాస్టిక్ జారుడుబల్ల ఉన్నా దాని జోలికి ఎవరూ వెళ్లరు. డెన్మార్క్‌లో సి. టి. సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి 1930లలోనే ఈ సంగతి గమనించారు. తాను రూపొందించిన ఆటస్థలాల కంటే, కట్టుబడి జరిగే చోట్ల దొరికే చెక్కలు, ఇటుకలు, మట్టి పిల్లలకు ఎక్కువ నచ్చుతున్నాయని గ్రహించి, అవే ఉండే ఆటస్థలాలు కావాలని 1931లో ప్రతిపాదించారు. 1943లో కోపెన్‌హేగన్ శివారులోని ఎమ్‌డ్రప్‌లో అలాంటిది మొదటిసారి తెరిచారు. పిల్లలకు సుత్తులు, మేకులు, చెక్కలు ఇచ్చారు. పక్కన ఉండి సాయం చేయడానికి ఒక పెద్దమనిషిని పెట్టారు. మూడేళ్ల తర్వాత దాన్ని చూసిన లేడీ అలెన్ ఆఫ్ హర్ట్‌వుడ్ అనే బ్రిటిష్ ఉద్యానశిల్పి ఆ ఆలోచనను బ్రిటన్‌కు తీసుకెళ్లి, బాంబులు పడ్డ ఖాళీ స్థలాల్లో అమలయ్యేలా చూశారు.

ఇది చెబితే అధికారుల నుంచి వెంటనే వచ్చే ప్రశ్న, దెబ్బలు తగిలితే బాధ్యత ఎవరిదని. ప్రశ్న న్యాయమైనదే. కానీ పిల్లకు కనిపించే ప్రమాదం వేరు, కనిపించనిది వేరు. చెట్టు కొమ్మ ఎంత ఎత్తులో ఉందో పిల్లకు కనిపిస్తుంది, ఎక్కాలా వద్దా అని తనే తేల్చుకుంటుంది. అలా తేల్చుకోవడమే ఆమె నేర్చుకోవలసిన విద్య. తుప్పు పట్టి లోపల విరిగిపోయిన ఉయ్యాల గొలుసు ఆమెకు కనిపించదు. మధ్యాహ్నం ఎండకు కాలిపోతున్న రేకు జారుడుబల్ల వేడి దాని మీద కూర్చునే దాకా తెలియదు. ఎత్తైన చట్రం కింద పోసిన సిమెంటు ఎంత గట్టిదో పడ్డాక గాని అర్థం కాదు. మీ బాధ్యత ఈ రెండో రకం మీద ఉండాలి. గొలుసులు, బోల్టులు తరచూ పరీక్షించండి. ఎక్కే వాటి కింద ఇసుకో చెక్కపొట్టో మందంగా పరవండి. ఆడే చోట నీడ కోసం ముందుగా చెట్లు నాటండి. మొదటి రకాన్ని మాత్రం పిల్లలకు వదిలేయండి. ప్రతి ఎత్తునూ తగ్గించి, ప్రతి అంచునూ నున్నగా చేసిన చోట పిల్లలకు విసుగొస్తుంది, విసుగొచ్చిన పిల్లలు పోయి రోడ్డు మీద ఆడతారు, లేదా ఇంట్లో తెర ముందు కూర్చుంటారు.

నేల గురించి కూడా చెప్పాలి. ఆటస్థలమంతా రబ్బరు పలకలు, టైల్సు పరచడం పరిశుభ్రతగా చెలామణి అవుతోంది. ఫిన్లాండ్‌లో పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, కంకర పరిచిన కొన్ని నగర శిశుకేంద్రాల ఆవరణల్లో అడవి నేలను, గడ్డిని తెచ్చి పరిచి పిల్లలను రోజూ ఆడనిచ్చారు. 28 రోజుల్లోనే ఆ పిల్లల చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థ తీరు మెరుగైన సూచనలు కనిపించాయి. కళ్ల సంగతీ అంతే. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ బడిలో 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు చూస్తే, వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చింది; ఆ ఏర్పాటు లేని బడుల పిల్లల్లో 39.5 శాతం మందికి వచ్చింది. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల ఒక మోస్తరు నుంచి గట్టి శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వీటిని ఆటకు సాకులుగా చూపడం నా ఉద్దేశం కాదు. కంటికి, ఒంటికి ఏ లాభమూ లేకపోయినా పిల్లలకు ఆట కావాలి. కానీ బడ్జెట్ సమావేశంలో ఆరోగ్యశాఖను ఒప్పించవలసి వచ్చినప్పుడు ఈ అంకెలు మీ చేతిలో ఉండటం మంచిది.

పిల్లలు అన్నప్పుడు మన మనసులో ఎవరు మెదులుతున్నారో కూడా చూసుకోవాలి. 1990ల్లో వియన్నాలో జరిపిన పరిశీలనలో, పదేళ్ల వయసు దాటేసరికి ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని తెలిసింది. మధ్యలో ఒకే ఒక్క పెద్ద మైదానం ఉంటే బంతితో ఆడే మగపిల్లలు దాన్ని ఆక్రమిస్తారు, వాళ్లతో పోటీ పడలేక ఆడపిల్లలు ఇంటిదారి పడతారు. ఆ నగరం ఊరుకోలేదు. 1999లో ఐన్‌సీడ్లర్ పార్కు, బ్రూనో క్రైస్కీ పార్కుల రూపం మార్చింది: మైదానాన్ని చిన్న భాగాలుగా విడదీసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటి వాటికి చోటిచ్చి, నడకదారులు, దీపాలు మెరుగుపరిచి, గుంపులుగా కూర్చునే జాగాలు కల్పించింది. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకు ఇసుక గుంట అంచు దాకా చేరే గట్టిదారి, ఆమె చేతికి అందే ఎత్తులో ఇసుక బల్ల. చంటిబిడ్డ తల్లికి నీడలో బెంచీ, శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు. పద్నాలుగేళ్ల వారికి ఎవరూ తరిమేయకుండా కూర్చుని మాట్లాడుకునే చోటు: ఇవి ప్రత్యేక సదుపాయాలేమీ కాదు. ఇవి లేని ఆటస్థలం కొందరు పిల్లలకే ఆటస్థలం.

నేల దొరకదన్న వాదనకు బడుల ఆవరణలే సమాధానం. నగరంలో అత్యంత సమానంగా పంపిణీ అయిన ఖాళీ జాగాలు అవే; సాయంత్రం, సెలవు రోజుల్లో వాటికి తాళాలు పడతాయి. పారిస్ నగరం కొన్నేళ్లుగా బడుల ఆవరణల్లో తారు తీసి, మట్టి, చెట్లు, నీళ్లు తెచ్చి, కొన్నింటిని బడి లేని వేళల్లో చుట్టుపక్కల వారికి తెరుస్తోంది. ఎన్నో బడుల ముందు వీధులను వాహనాలకు మూసేసింది. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, చెత్త ఎవరు ఎత్తాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు, కానీ పరిష్కరించలేనివీ కావు. అందుకు ఒక మనిషికి జీతం ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలను అడగండి. 1970లలో కెవిన్ లించ్ అనే అమెరికన్ పట్టణ ప్రణాళికా నిపుణుడి నేతృత్వంలో, యునెస్కో ఆధ్వర్యంలో, వేర్వేరు దేశాల నగరాల్లో పిల్లలు తమ పరిసరాలను ఎలా వాడుకుంటున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి, వాళ్ల చేత పటాలు గీయించి అధ్యయనం చేశారు. ఇటలీలోని ఫానోలో 1991లో ఫ్రాంచెస్కో తోనుచ్చి ప్రారంభించిన కార్యక్రమంలో నగర విషయాల మీద పిల్లల మండలి మాట చెబుతుంది. సభలో మైకు ఇచ్చి, దండ వేయించి, ఫొటో తీసి పంపేయడం అడగడం కాదు. పది మంది పిల్లలతో కలిసి వాళ్ల బడి నుంచి ఇంటి దాకా నడవండి. ఎక్కడ చెయ్యి పట్టుకుంటున్నారో, ఎక్కడ వదిలేసి పరుగెడుతున్నారో, ఏ గోడ ఎక్కుతున్నారో, ఏ మలుపులో గొంతు తగ్గిస్తున్నారో రాసుకోండి. మీ సర్వే పరికరాలేవీ పట్టుకోలేనిది ఆ నడకలో దొరుకుతుంది.

దీనివల్ల వాహనాల ప్రయాణ సమయం పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది. ఇళ్ల వీధుల్లో, గమ్యం చేరే ముందు చివరి కొద్ది దూరంలో వేగం తగ్గితే పోయేది కొన్ని నిమిషాలు. పిల్లల పక్షాన నిలబడి, ఆ నిమిషాలను అడిగే ధైర్యం ప్రజాప్రతినిధులకు ఉండాలని కోరుకుంటున్నాను. ఓటు లేని పౌరుల కోసం ఓటున్నవారిని నొప్పించడం కష్టమని నాకు తెలుసు. అయితే పిల్లలకు అనువైన వీధి ముసలివారికీ, గర్భిణికీ, చేతికర్రతో నడిచేవారికీ అనువుగానే ఉంటుంది; వాళ్లకు ఓట్లున్నాయి.

నేను అడుగుతున్నవి ఇవి. ఇళ్లున్న వీధులన్నిటిలో గంటకు 30 కిలోమీటర్ల పరిమితి పెట్టి, బోర్డుతో ఆపకుండా రోడ్డు ఆకృతిని దానికి తగ్గట్టు మార్చండి. ప్రతి రెండేళ్లకోసారి బడుల ద్వారా, ఎంతమంది పిల్లలు ఏ వయసు నుంచి పెద్దల తోడు లేకుండా బడికి, ఆటకు వెళ్తున్నారో లెక్క తీసి, వార్డులవారీగా ప్రజల ముందు పెట్టండి. వాహనాలను లెక్కపెట్టే నగరానికి పిల్లలను లెక్కపెట్టడం బరువు కాదు. బంతి ఆటలు నిషేధం అని రాసి ఉన్న బోర్డులను మీ స్థలాల నుంచి తీసేయించండి, అది ఒక్కరోజు పని. మీ బల్ల మీదికి ఆమోదం కోసం వచ్చే తర్వాతి రోడ్డు డ్రాయింగు మీద, రోజుకు ఎన్ని వాహనాలు వెళ్తాయని రాసే గడి పక్కనే, ఏ వయసు పిల్లలు దీన్ని తోడు లేకుండా దాటగలరని అడిగే గడి ఒకటి చేర్పించండి. ఆ గడి ఖాళీగా ఉన్న డ్రాయింగు మీద సంతకం పెట్టకండి.

ఇట్లు,
నగరంలో పిల్లలను పెంచుతున్న ఒక పౌరురాలు